కమాండ్ లైన్‌లో ఉత్తరాలు రాయడానికి నానో ఎడిటర్: ఒక సమీక్ష

టెర్మినల్‌లోనే మెయిల్ చదివి అక్కడే జవాబు రాసే అలవాటున్నవారికి ఎడిటర్ ఎంపిక చిన్న విషయం కాదు. మట్ వంటి మెయిల్ క్లయింట్‌కు తనదంటూ ఎడిటర్ ఉండదు. ఉత్తరం రాయాల్సి వచ్చినప్పుడు అది ఒక తాత్కాలిక ఫైల్‌ను తయారుచేసి, మనం చెప్పిన ఎడిటర్‌కు అప్పగించి, ఆ ఎడిటర్ మూతపడేదాకా వేచి ఉంటుంది. మనం ఏదీ చెప్పకపోతే సిస్టమ్‌లో విజువల్, ఎడిటర్ అనే పేర్లతో ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను (ప్రోగ్రాములన్నీ చదువుకోగల సెట్టింగ్‌లను) చూస్తుంది. అక్కడా ఏమీ దొరకకపోతే వీఐ అనే పాత ఎడిటర్‌ను తెరుస్తుంది. కొత్తగా వచ్చినవారిలో చాలామంది తడబడేది సరిగ్గా అక్కడే. నాలుగు వాక్యాల జవాబు రాయాలని కూర్చున్న మనిషి ముందుగా మోడ్‌ల సంగతి (రాయడానికి ఒక స్థితి, ఆదేశాలకు మరో స్థితి) నేర్చుకోవాల్సి రావడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఈ సమీక్ష నానో గురించి, అందులోనూ ఉత్తరాలు రాసే పనిముట్టుగా నానో గురించి మాత్రమే. ప్రోగ్రాములు రాయడానికి అది ఎంత పనికొస్తుందన్న చర్చ ఇక్కడ అవసరం లేదు. నా తీర్పు ముందే చెబుతాను: సాదా అక్షరాలతో ఉత్తరం రాసి పంపే పనికి నానోను మించిన ఎడిటర్ చాలామందికి అక్కర్లేదు. అయితే ఇన్‌స్టాల్ చేసినదాన్ని చేసినట్టుగా వాడితే దాని అసలు బలం బయటపడదు. రెండు మూడు సెట్టింగ్‌లు మార్చుకుని, ఒక్క ఆదేశాన్ని బాగా వంటబట్టించుకున్నప్పుడే అది మెయిల్ ఎడిటర్ అవుతుంది.

అది మెయిల్ ఎడిటర్ కావడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే దాని పుట్టుకే మెయిల్ లోంచి జరిగింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1989లో మొదలైన పైన్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఉత్తరం రాసే భాగాన్ని విడదీసి పీకో అనే ఎడిటర్‌గా అందించారు. అది వాడటానికి ఎంతో సులువుగా ఉండేది కానీ, పైన్ లైసెన్స్ మార్పులు చేసిన ప్రతులను స్వేచ్ఛగా పంచడానికి ఒప్పుకోకపోవడంతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పంపిణీలు దాన్ని తమతో చేర్చుకోలేకపోయాయి. ఆ లోటు తీర్చడానికి క్రిస్ అలెగ్రెట్టా 1999లో అచ్చంగా పీకోలాగే పనిచేసే ఎడిటర్‌ను మొదటి నుంచి కొత్తగా రాశారు. మొదట దానికి టిప్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో యూనిక్స్‌లో అప్పటికే ఒక కమాండ్ ఉన్నందువల్ల 2000 జనవరిలో నానో అని మార్చారు. 2001లో అది గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగమైంది. ఈ చరిత్రను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. కోట్ చేసిన పాఠాన్ని (జవాబులో చేర్చిన పాత ఉత్తరాన్ని) గుర్తుపట్టడం, పేరాను తిరిగి సర్దడం వంటి గుణాలు నానోకు తర్వాత ఎవరో తగిలించినవి కావు, ఉత్తరాల కోసం పుట్టిన పీకో నుంచి వారసత్వంగా వచ్చినవి.

వాడకం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. మట్‌లో ఒక ఉత్తరం మీద కర్సర్ ఉంచి జవాబు కోసం ఆర్ నొక్కితే, గ్రహీత చిరునామా, విషయం అడిగి, పాత ఉత్తరాన్ని జవాబులో చేర్చాలా అని ప్రశ్నించి, ఆ తర్వాత నానోను తెరుస్తుంది. తెర పైభాగాన ఫైల్ పేరు, మధ్యలో > గుర్తులతో మొదలయ్యే పాత ఉత్తరం, అడుగున రెండు వరుసల్లో ముఖ్యమైన ఆదేశాల పట్టిక కనిపిస్తాయి. ఆ పట్టికలో టోపీ గుర్తు కంట్రోల్ మీటకూ, పెద్ద ఎమ్ అక్షరం ఆల్ట్ మీటకూ సంకేతాలు. ఇంతకు మించి నేర్చుకోవాల్సింది లేదు. అక్షరం నొక్కితే అక్షరం పడుతుంది. అనవసరమైన కోట్ వరుస మీద కంట్రోల్-కె నొక్కితే ఆ వరుస మొత్తం పోతుంది, మళ్లీ మళ్లీ నొక్కితే వరసగా పోతూనే ఉంటాయి. పొరపాటున ఎక్కువ కోసేస్తే కంట్రోల్-యు నొక్కగానే కోసినవన్నీ కలిపి వెనక్కి వస్తాయి. పాత ఉత్తరంలో నుంచి జవాబుకు కావలసిన రెండు వాక్యాలు మాత్రం ఉంచి మిగతాది తీసేసే మర్యాద ఈమెయిల్‌లో ఎంతో అవసరమైనదని నేను నమ్ముతాను. ఆ పనిని ఇంత తేలిక చేసిన ఎడిటర్ ఆ మర్యాదను కూడా అలవాటు చేస్తుంది.

ఇక వరుసల పొడవు సంగతి. నానోను మెయిల్‌కు వాడేవారు ముందుగా సరిచేసుకోవలసినది ఇదే. ఇంటర్నెట్ సందేశాల రూపాన్ని నిర్దేశించే ఆర్ఎఫ్‌సీ 5322 ప్రకారం ఒక వరుస 998 అక్షరాలను ఎట్టి పరిస్థితిలోనూ మించకూడదు, 78 దాటకుండా ఉండటం మంచిది. 2019లో వచ్చిన 4.0 వెర్షన్‌కు ముందు, నానో పొడవైన వరుసలను తనంతట తానే విరిచేది. ఆ వెర్షన్ నుంచి విరవడం మానేసింది. కాన్ఫిగరేషన్ ఫైళ్లను సరిదిద్దేవారికి ఇది మేలే చేసింది, ఎందుకంటే వరుస మధ్యలో విరిగితే ఆ ఫైళ్లు పనిచేయకుండా పోతాయి. మెయిల్ రాసేవారికి మాత్రం దీనివల్ల ప్రతి పేరా ఒకే ఒక అంతులేని వరుసగా తయారవుతుంది. పైగా మామూలు స్థితిలో నానో ఆ పొడుగాటి వరుసను తెర అంచున మడిచి చూపదు, పక్కకు దాచేస్తుంది. రాసింది కనిపించక కొత్తవారు కంగారుపడతారు.

దీనికి మందు నానో సెట్టింగ్‌ల ఫైల్‌లో రెండు వరుసలు: సెట్ బ్రేక్‌లాంగ్‌లైన్స్ అని ఒకటి, సెట్ ఫిల్ 72 అని మరొకటి. అయితే ఈ రెండింటినీ సెట్టింగ్‌ల ఫైల్‌లో పెట్టవద్దని నా సలహా. అక్కడ పెడితే సిస్టమ్ ఫైళ్లను తెరిచినప్పుడు కూడా వరుసలు విరుగుతాయి. వాటిని మట్ సెట్టింగ్‌లలో ఎడిటర్ పేరు పేర్కొనే చోటే ఆప్షన్లుగా జోడించాలి. వరుస విరవడానికి చిన్న బీ, పొడవుకు చిన్న ఆర్ పక్కన 72 ఇస్తే సరిపోతుంది. అప్పుడు ఉత్తరాలకు ఒక పద్ధతి, మిగతా ఫైళ్లకు మరో పద్ధతి అమల్లో ఉంటాయి. 72 అన్న అంకెకు కూడా ఒక లెక్క ఉంది. ప్రతి జవాబులోనూ పాత వరుసకు ముందు > గుర్తు, ఒక ఖాళీ కలిపి రెండు స్థానాలు చేరతాయి. 72తో మొదలైన వరుస మూడు జవాబులు దాటిన తర్వాత 78కి చేరుతుంది. అంటే ముగ్గురి చేతులు మారేదాకా మీ వాక్యం విరగకుండా నిలుస్తుంది.

నేను పైన చెప్పిన ఆ ఒక్క ఆదేశం కంట్రోల్-జె. కర్సర్ ఏ పేరాలో ఉంటే ఆ పేరాను అది మళ్లీ సర్దుతుంది. మామూలు పేరాలను సర్దడం ఏ ఎడిటరైనా చేస్తుంది. నానో ప్రత్యేకత కోట్ చేసిన పేరాలలో తెలుస్తుంది. ఒకరి జవాబు మీద మరొకరి జవాబు పడ్డ ఉత్తరాలలో వరుసలు తరచూ ఇలా చిందరవందరగా వస్తుంటాయి:

> రేపటి సమావేశానికి ముందు నివేదికలోని మూడో భాగాన్ని
> ఒకసారి
> చూసి, పట్టికలోని అంకెలు మొత్తంతో సరిపోయాయో
> లేదో
> చెప్పగలరు.

ఈ ఐదు వరుసల్లో ఎక్కడైనా కర్సర్ పెట్టి కంట్రోల్-జె నొక్కితే, మధ్యలో ఇరుక్కున్న > గుర్తులన్నిటినీ నానో గుర్తుపట్టి, పాఠాన్ని కలిపి, తిరిగి ప్రతి వరుసకూ ముందు ఆ గుర్తును పెట్టి దాదాపు ఇలా ఇస్తుంది:

> రేపటి సమావేశానికి ముందు నివేదికలోని మూడో భాగాన్ని ఒకసారి చూసి,
> పట్టికలోని అంకెలు మొత్తంతో సరిపోయాయో లేదో చెప్పగలరు.

ఒక > ఉన్న వరుసలనూ రెండు > గుర్తులున్న వరుసలనూ అది ఒకదానిలో ఒకటి కలపదు. లోతు మారిన చోట పేరా మారినట్టే లెక్కిస్తుంది. ఎవరి మాట ఎవరిదో చెదరకుండా ఉంచే ఈ తెలివి ఒక్కటి చాలు, నేను నానోను మెయిల్ ఎడిటర్‌గా సిఫారసు చేయడానికి. ఏయే గుర్తులను కోట్‌గా భావించాలో కోట్‌స్ట్రింగ్ అనే సెట్టింగ్ నిర్ణయిస్తుంది. నిలువు గీత, కోలన్ వంటివి కూడా మొదటి నుంచే ఆ జాబితాలో ఉంటాయి కనుక దాన్ని మార్చాల్సిన అవసరం దాదాపుగా రాదు.

కంట్రోల్-జె పక్కనే ఆల్ట్-జె అనే మరో ఆదేశం ఉంది. అది ఫైల్ మొత్తాన్ని, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా, పేరాలుగా సర్దేస్తుంది. ఉత్తరాలలో దీన్ని వాడవద్దు. సంతకంలోని పేరు, హోదా, ఫోన్ నంబర్ వేర్వేరు వరుసల్లో ఉండటానికి కారణం ఉంటుంది, కానీ ఈ ఆదేశం వాటిని ఒకే వరుసలోకి తోసేస్తుంది. చిన్న జాబితాలకు, చిరునామాలకు కూడా అదే గతి పడుతుంది. మట్‌లో ఎడిట్ హెడర్స్ అనే సెట్టింగ్ పెట్టుకున్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. ఆ సెట్టింగ్ ఉంటే గ్రహీత, విషయం వంటి హెడర్ వరుసలు కూడా ఎడిటర్‌లోనే పైన కనిపిస్తాయి, ఆల్ట్-జె వాటిని కూడా మామూలు వాక్యాలే అనుకుని ఒకదానితో ఒకటి అతికిస్తుంది. అదృష్టవశాత్తు ఆల్ట్-యు నొక్కితే చేసినదంతా ఒక్క అడుగులో వెనక్కి వెళుతుంది. సంతకానికి ముందు ఒక ఖాళీ వరుస ఉండేలా చూసుకోవడం కూడా మంచి అలవాటే. లేకపోతే చివరి పేరా మీద కంట్రోల్-జె నొక్కినా, సంతకాన్ని వేరుచేసే రెండు అడ్డగీతల వరుస పేరాలో కలిసిపోతుంది.

హెడర్‌లను ఎడిటర్‌లోనే చూసుకోవడం సౌకర్యమే, కానీ వరుసలు విరిచే సెట్టింగ్‌తో దానికి పొసగదు. విషయం వరుసను 72 స్థానాలు దాటేలా టైప్ చేస్తే నానో దాన్ని విరిచి మిగతా పదాలను కింది వరుసకు తోస్తుంది. హెడర్ కొనసాగింపు వరుస తప్పనిసరిగా ఖాళీతో మొదలవ్వాలన్నది ప్రమాణం. నానో అక్కడ ఖాళీ పెట్టదు కనుక ఆ రెండో ముక్క విషయంలో భాగంగా లెక్కకు రాదు. అందుచేత విషయాన్ని మట్ అడిగినప్పుడే ఇవ్వడం, ఎడిటర్‌కు ఉత్తరం ఒడలిని మాత్రమే వదిలిపెట్టడం నాకు నచ్చిన పద్ధతి.

ఉత్తరం ముగించే తీరు గురించి కొంచెం చెప్పాలి. కంట్రోల్-ఎక్స్ నొక్కితే మార్పులు దాచాలా అని నానో అడుగుతుంది, వై అంటే ఫైల్ పేరు చూపుతుంది, ఎంటర్ నొక్కితే మూతపడి మట్ పంపే తెర వస్తుంది. ప్రతి ఉత్తరానికీ ఈ మూడు మీటలు విసుగనిపిస్తే సేవ్-ఆన్-ఎగ్జిట్ అనే ఆప్షన్ ఉంది. దానితో కంట్రోల్-ఎక్స్ నొక్కగానే ఏమీ అడగకుండా దాచి బయటికి వస్తుంది. పాత వెర్షన్లలో దీన్ని టెంప్‌ఫైల్ అనేవారు. ఇది పెట్టుకుంటే, రాసింది వద్దనుకున్నప్పుడు కూడా దాచేస్తుందేమో అన్న భయం అక్కర్లేదు. ఎడిటర్ మూతపడగానే ఉత్తరం వెళ్లిపోదు, మట్ పంపే తెరలో వై నొక్కితేనే వెళుతుంది, క్యూ నొక్కితే వాయిదా వేయాలా అని అడిగి, కాదంటే వదిలేస్తుంది. ఇక ఏమీ మార్చకుండా ఎడిటర్ మూసేస్తే మట్ తనంతట తానే ఆ ఉత్తరాన్ని రద్దు చేస్తుంది.

ఆల్పైన్ కూడా వాడేవారు ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. పైన్‌కు వారసురాలైన ఆల్పైన్‌లో ఉత్తరం రాసే చోటు చూడటానికి నానోలాగే ఉంటుంది, కానీ అక్కడ కంట్రోల్-ఎక్స్ అంటే ఉత్తరం పంపడం, కంట్రోల్-ఓ అంటే వాయిదా వేయడం. నానోలో మొదటిది బయటికి రావడం, రెండోది దాచడం. ఆల్పైన్ పంపే ముందు నిర్ధారణ అడుగుతుంది, కానీ చేతి అలవాటు మీద ఆ ప్రశ్నకు కూడా అవునని నొక్కేయడం ఎంతసేపు? రెండింటినీ ఒకే రోజు మార్చి మార్చి వాడకపోవడమే మేలు.

రాసింది పోకుండా కాపాడటంలో నానో నమ్మకస్తురాలు. దూరపు సర్వర్ మీద ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా ఉత్తరం రాస్తుండగా కనెక్షన్ తెగిపోతే, ఆ సంగతి తెలిసిన వెంటనే నానో అప్పటిదాకా ఉన్న పాఠాన్ని అదే ఫైల్ పేరుకు చివర డాట్ సేవ్ చేర్చి వేరే ఫైల్‌గా రాసిపెడుతుంది. మట్ తాత్కాలిక ఫైళ్లు సాధారణంగా టెంప్ డైరెక్టరీలో ఉంటాయి కనుక మళ్లీ లాగిన్ అయి అక్కడ వెతికితే ఉత్తరం దొరుకుతుంది. టెంప్ డైరెక్టరీ రీబూట్‌తో ఖాళీ అయ్యే సిస్టమ్‌లలో ఆలస్యం చేయకూడదు. బ్రౌజర్ లోపల నడిచే టెర్మినల్‌లో మరో ముప్పు ఉంది: నానోలో వెతకడానికి వాడే కంట్రోల్-డబ్ల్యూ, బ్రౌజర్‌లో ట్యాబ్ మూసే ఆదేశం. అక్కడ వెతకడానికి ఎఫ్6 మీట వాడటం క్షేమం.

తెలుగులో ఉత్తరాలు రాసేవారికి ఈ ఎడిటర్ ఎంతవరకు పనికొస్తుందన్నది వివరంగా చెప్పవలసిన విషయం. నానో యూనికోడ్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిని పూర్తిగా అర్థం చేసుకుంటుంది, తెలుగులో రాసిన ఫైల్‌ను చెక్కుచెదరకుండా దాస్తుంది, పంపేటప్పుడు ఒక్క గుణింతమూ పాడవదు. చిక్కు వచ్చేది తెర మీద. టెర్మినల్ తన తెరను సమానమైన గళ్లుగా విభజించుకుంటుంది, ఒక్కో అక్షరం ఎన్ని గళ్లు తీసుకుంటుందో యూనికోడ్ వర్గీకరణను బట్టి సిస్టమ్ చెబుతుంది. చాలా సిస్టమ్‌ల లెక్కలో తెలుగు గుడి, దీర్ఘం, ఎత్వం, ఒత్వం, పొల్లు వంటివి సున్నా గళ్లవి, కొమ్ము, సున్న మాత్రం ఒక్కో గడివి. అందువల్ల కి ఒక గడి, కు రెండు గళ్లు. తెలుగు అన్న పదం కంటికి మూడు అక్షరాలుగా కనిపించినా నానో లెక్కలో ఐదు గళ్లు. క్ష అనే సంయుక్తాక్షరం ఒకే ఆకృతిగా అచ్చయినా రెండు గళ్లు. ఈ లెక్క ప్రకారం కర్సర్ ఒకచోట ఉందని నానో అనుకుంటుంది, అక్షరాలను కలిపి గీసే టెర్మినల్ మరోచోట చూపుతుంది. వరుస పొడవయ్యే కొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

ఇది నానో దోషం కాదు, ఏ టెర్మినల్ ఎడిటర్‌కైనా ఇదే సమస్య. అయినా దాన్ని తెలుసుకుని మసలుకోవాలి. మీటల ప్రవర్తనలోనూ ఈ వర్గీకరణ కనిపిస్తుంది. కి తర్వాత బ్యాక్‌స్పేస్ నొక్కితే గుడి మాత్రమే పోయి క మిగులుతుంది, టైప్ చేసేటప్పుడు ఇది ఎంతో అనుకూలం. అదే కి మీద కర్సర్ ఉంచి డిలీట్ నొక్కితే గుడితో సహా పోతుంది. కు మీద డిలీట్ నొక్కితే మాత్రం క పోయి కొమ్ము ఒంటరిగా మిగిలి, ముందున్న అక్షరానికి అతుక్కుంటుంది. కాబట్టి తెలుగులో తప్పులు దిద్దేటప్పుడు డిలీట్ కన్నా బ్యాక్‌స్పేస్‌నే నమ్ముకోవడం మంచిది. పెద్ద మార్పు చేయాల్సి వస్తే పదం మధ్యలో కుస్తీ పట్టకుండా పదాన్ని మొత్తం తీసి తిరిగి రాయడం త్వరగా తెములుతుంది. టెర్మినల్ ఎంపిక కూడా ముఖ్యమే. భారతీయ లిపుల అక్షరాలను కలిపి చూపే ఏర్పాటున్న ఎమ్ఎల్‌టెర్మ్ వంటివాటిలో చదవడం కంటికి హాయిగా ఉంటుంది. మరికొన్నింటిలో ఒత్తులు విడిపోయి పొల్లులుగా కనిపిస్తాయి. కనిపించే తీరు ఎలా ఉన్నా ఫైల్‌లో ఉన్నది సరైనదే అన్న ధైర్యంతో రాసుకుపోవచ్చు.

తెలుగు పాఠానికి 78 స్థానాల నియమం వర్తిస్తుందా అన్న సందేహం సహజంగా వస్తుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. తెలుగు అన్న పదంలో ఆరు సంకేతాలు, 18 బైట్లు ఉన్నాయి. పంపేటప్పుడు మెయిల్ క్లయింట్ దాన్ని మెయిల్‌కు తగ్గ సాదా అక్షరాలుగా, బేస్64 పద్ధతిలో మారిస్తే 24 అక్షరాలు, కోటెడ్-ప్రింటబుల్ పద్ధతిలో మారిస్తే 54 అక్షరాలు అవుతుంది. ఈ రెండు పద్ధతులూ తమ వరుసలను 76 దాటకుండా తామే విరుచుకుంటాయి కాబట్టి ప్రమాణాన్ని ఉల్లంఘిస్తామన్న బెంగ లేదు. 72 దగ్గర విరవడం చదివేవారి కంటి కోసం మాత్రమే. తెలుగు వరుసలు గళ్ల లెక్కలో 72 చేరినా, గుణింతాల వల్ల వాటి నిజమైన వెడల్పు వరుసకో రకంగా ఉంటుంది. కుడి అంచు కొంచెం ఎగుడుదిగుడుగా కనిపించడం అందుకే.

చదివేవారి కంటి గురించే మాట్లాడుకుంటే, వరుసలు విరిచి పంపడం మీద ఒక న్యాయమైన ఫిర్యాదు ఉంది. 72 దగ్గర విరిచిన వరుస చిన్న ఫోన్ తెర మీద పట్టక మళ్లీ విరుగుతుంది, ఒక పొడుగు వరుస ఒక పొట్టి వరుసగా ఉత్తరం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. దీనికి 2004 నాటి ఆర్ఎఫ్‌సీ 3676లో పరిష్కారం ఉంది. ఒక వరుస ఖాళీతో ముగిస్తే అది కింది వరుసతో కలిసేదనీ, ఖాళీ లేకుండా ముగిస్తే అక్కడితో పేరా అయిపోయిందనీ గ్రహించే ఈ ఏర్పాటును ఫ్లోడ్ అంటారు. మట్‌లో టెక్స్ట్ ఫ్లోడ్ అనే సెట్టింగ్ పెడితే ఉత్తరం ఆ గుర్తింపుతో వెళుతుంది. నానో ఇందుకు ఎంత చక్కగా సరిపోతుందో చాలామంది గమనించరు. వరుసను విరిచినప్పుడు అది పదం తర్వాత ఉన్న ఖాళీని వరుస చివరనే వదిలేస్తుంది, సరిగ్గా ఫ్లోడ్‌కు కావలసింది అదే. ట్రిమ్‌బ్లాంక్స్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే మాత్రం ఆ ఖాళీలు తుడిచిపెట్టుకుపోతాయి, కనుక ఫ్లోడ్ వాడేవారు దాని జోలికి పోకూడదు. అవతలివారి క్లయింట్ ఈ ఏర్పాటును పట్టించుకోకపోతే మామూలుగా విరిగిన వరుసలే కనిపిస్తాయి, నష్టమేమీ లేదు.

ప్రోగ్రామ్ ప్యాచ్‌లను (కోడ్‌లో చేసిన మార్పులను చూపే పాఠాన్ని) మెయిల్‌లో పంపేవారికి మాత్రం నియమం తలకిందులవుతుంది. లినక్స్ కెర్నెల్ అభివృద్ధిలో ప్యాచ్‌లను సాదా పాఠంగా, వరుసలు విరవకుండా పంపాలని నిర్దేశించారు. అక్కడ ఫ్లోడ్ కూడా పనికిరాదు. నానో వరుసలను మీరు టైప్ చేస్తున్నప్పుడే విరుస్తుంది, కంట్రోల్-ఆర్ ద్వారా చేర్చిన ఫైల్‌ను ముట్టుకోదు. అయినా చేర్చిన ప్యాచ్‌లోని పొడవైన వరుసలో ఒక్క అక్షరం టైప్ చేసినా అది విరిగిపోతుంది. అందుకే అటువంటి ఉత్తరాలకు విరిచే ఆప్షన్ లేకుండా నానోను తెరవాలి, లేదా ఆ పనిని ప్యాచ్‌లను పంపే గిట్ సెండ్-ఈమెయిల్ అనే ఆదేశానికి వదిలేయాలి.

అక్షరదోషాల తనిఖీకి నానోలో ఏర్పాటు ఉన్నా, మెయిల్‌కు దాన్ని వాడకపోవడమే నయం, ఎందుకంటే కోట్ చేసిన అవతలివారి వాక్యాలను కూడా అది తనిఖీ చేస్తుంది. మట్ పంపే తెరలో ఐ నొక్కితే నడిచే తనిఖీకి ఆస్పెల్ అనే అక్షరదోషాల తనిఖీ ప్రోగ్రామ్‌ను ఈమెయిల్ మోడ్‌లో అమర్చుకుంటే, > తో మొదలయ్యే వరుసలను వదిలేసి మీరు రాసినదాన్నే చూస్తుంది. ఆస్పెల్‌కు తెలుగు నిఘంటువు కూడా ఉంది. విభక్తులు, సంధులు కలిసిన తెలుగు పదాలు ఏ నిఘంటువుకూ పూర్తిగా లొంగవు కాబట్టి అది సరైన మాటలను కూడా చాలాసార్లు తప్పుపడుతుంది. ఇంగ్లిష్ ఉత్తరాలకైతే దాని సాయం నిజంగా విలువైనది.

ఇతర ఎడిటర్లతో పోలిక క్లుప్తంగా చెబుతాను. వీఐకి వారసుడైన విమ్‌లో కోట్ పేరాలను సర్దే ఏర్పాటు ఇంకా శక్తిమంతమైనదే, దాన్ని వంటబట్టించుకున్నవారు మారాల్సిన అవసరం లేదు. మైక్రో అనే కొత్త ఎడిటర్ మౌస్‌తో, కంట్రోల్-సి, కంట్రోల్-వి వంటి పరిచితమైన మీటలతో ఆకట్టుకుంటుంది, కానీ కోట్ చేసిన పాఠం విషయంలో నానోకున్న సహజమైన అవగాహన దానికి లేదు. 1970ల నాటి మెయిల్ కమాండ్‌లో వరుస వరుసగా టైప్ చేసి చుక్కతో ముగించే పద్ధతి స్క్రిప్ట్‌లకు మంచిది, మనిషికి కాదు. అక్షరాల రంగులు, బొమ్మలు, పట్టికలు కలిసిన ఉత్తరాలు రాసేవారికి నానో మొదటి నుంచీ తగదు. అటాచ్‌మెంట్లను కూడా అది చూడదు, వాటిని పంపే తెరలో ఏ నొక్కి మట్‌కే ఇవ్వాలి.

వేర్వేరు సర్వర్ల మీద పనిచేసేవారు మీటల తేడాలను గమనించుకోవాలి. 2020లో వచ్చిన 5.0 నుంచి కంట్రోల్-టి నేరుగా అక్షరదోషాల తనిఖీకి కాకుండా ఆదేశాలు నడిపే మెనూకు తీసుకెళుతుంది. 2024లో వచ్చిన 8.0 నుంచి కంట్రోల్-ఎఫ్ వెతకడం మొదలుపెడుతుంది, పాత వెర్షన్లలో అదే మీట కర్సర్‌ను ఒక అక్షరం ముందుకు జరుపుతుంది. ఇదే 8.0లో, కంట్రోల్-సి కాపీకి, కంట్రోల్-వి పేస్ట్‌కు, కంట్రోల్-క్యూ బయటికి రావడానికి పనిచేసేలా మార్చే మోడర్న్‌బైండింగ్స్ అనే ఆప్షన్ కూడా వచ్చింది. గ్రాఫికల్ ఎడిటర్ల నుంచి వచ్చేవారికి అది నచ్చవచ్చు, కానీ పాత వెర్షన్ ఉన్న సర్వర్‌లో అది దొరకదు. అన్నిచోట్లా ఒకే తీరు కావాలంటే సెట్టింగ్‌ల ఫైల్‌లో బైండ్ అనే వరుసలతో కావలసిన మీటలను కావలసిన పనులకు కట్టి, ఆ ఫైల్‌ను ప్రతి సర్వర్‌లోని హోమ్ డైరెక్టరీకి కాపీ చేసుకోవాలి.